ఎనీమియా ప్రశ్న వస్తే ముందు ఆర్‌బీసీ కౌంట్ చూడండి

ఫ్రెండ్స్, నీట్ పీజీకి చదివేవాళ్లలో చాలామందికి ఎనీమియా (రక్తహీనత) టేబుల్స్ అంటే టెన్షన్. ఎన్నిసార్లు బట్టీ పట్టినా పరీక్ష టైముకి అన్నీ కలిసిపోతాయి. నెల్లూరు దర్గామిట్టలో రూమ్ తీసుకుని చదివే రోజుల్లో నేను ఆ టేబుల్స్ పక్కన పెట్టేసి అసలు సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులు చదవడం మొదలుపెట్టాను. పొగతోటలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే మా బావ, పేరు కనపడకుండా పైభాగం మడిచి జిరాక్స్ తీసి ఇచ్చేవాడు. నా ప్రిపరేషన్‌లో నాకు బాగా పనికొచ్చింది ఆ కాగితాలే.

రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకోండి. మొదటిది: హిమోగ్లోబిన్ 8.4, ఎంసీవీ (ఎర్ర కణం సగటు సైజు) 68, ఆర్‌బీసీ (ఎర్ర కణాల సంఖ్య) 4.1 మిలియన్లు, ఆర్‌డీడబ్ల్యూ (కణాల సైజుల్లో తేడా) 19. రెండోది: హిమోగ్లోబిన్ 10.5, ఎంసీవీ 61, ఆర్‌బీసీ 5.6, ఆర్‌డీడబ్ల్యూ 14. రెండింట్లోనూ ఎంసీవీ 80 కంటే తక్కువే కాబట్టి మన చెయ్యి నేరుగా ఐరన్ డెఫిషియన్సీ మీదికే పోతుంది. ఆగి ఎంసీవీని ఆర్‌బీసీ కౌంట్‌తో భాగించండి. మొదటిదానికి 16 దాటుతుంది, రెండోదానికి 11 కూడా రాదు. 13 కంటే తక్కువైతే తలసీమియా ట్రెయిట్ (తల్లి నుంచో తండ్రి నుంచో లోపమున్న జన్యువు ఒక్కటే వచ్చిన స్థితి) వైపు, ఎక్కువైతే ఐరన్ డెఫిషియన్సీ వైపు. ఇదే మెంట్జర్ ఇండెక్స్, 1973 నాటిది.

ఎందుకలా అన్నది అర్థమైతే ఇక గుర్తుపెట్టుకునే పనే లేదు. ఐరన్ లేకపోతే కణాలు తయారుచేసే ఎముక మజ్జకు సరుకే అందదు, కణాలు చిన్నవీ అవుతాయి, సంఖ్యా పడిపోతుంది. పైగా ఐరన్ మెల్లమెల్లగా తగ్గుతుంది కదా, పాత పెద్ద కణాలు, కొత్త చిన్న కణాలు కలిసి తిరుగుతుంటాయి, అందుకే ఆర్‌డీడబ్ల్యూ పెరుగుతుంది. ట్రెయిట్‌లో లోపం గ్లోబిన్ (హిమోగ్లోబిన్‌లోని ప్రొటీన్) తయారీలో, అదీ పుట్టుకతోనే, కాబట్టి కణాలన్నీ ఒకే తీరుగా చిన్నవి, కౌంట్ మాత్రం దండిగా ఉంటుంది.

ఇది స్క్రీనింగ్ మాత్రమే, నిర్ధారణ కాదు. ఐరన్‌కి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), బీటా తలసీమియా ట్రెయిట్‌కి హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ (3.5 శాతం దాటాలి) చూడాల్సిందే. ఒక మెలిక ఉంది: ట్రెయిట్ ఉన్న మనిషికి ఐరన్ కూడా తక్కువైతే ఏ2 నార్మల్‌గా కనపడొచ్చు.

ఇంత సాగదీసి చెప్పేది ఒక్క మార్కు కోసం కాదు. కావలి నుంచో ఉదయగిరి నుంచో వచ్చిన గర్భిణికి ఉన్నది ట్రెయిట్ అని గమనించకుండా ఐరన్ బిళ్లలు రాసి పంపేస్తే, భర్తకి కూడా ట్రెయిట్ ఉందేమో చూసేవాళ్లే ఉండరు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి తలసీమియా మేజర్ (ఈ జబ్బు తీవ్ర రూపం) వచ్చే అవకాశం 25 శాతం.

మాక్రోసైటిక్ (కణాలు పెద్దవయ్యే రకం) సులువే, ఎంసీవీ 100 దాటి స్మియర్‌లో (గాజు పలక మీద పరిచి చూసే రక్తంలో) హైపర్‌సెగ్మెంటెడ్ న్యూట్రోఫిల్స్ (కేంద్రకం ఎక్కువ ముక్కలుగా కనపడే తెల్లకణాలు) కనపడితే బీ12 లేదా ఫోలేట్ లోపం. దీర్ఘకాలిక జబ్బుల ఎనీమియాలో ఫెరిటిన్ నార్మల్ లేదా ఎక్కువ, టీఐబీసీ (రక్తం ఐరన్‌ని పట్టుకోగల సామర్థ్యం) తక్కువ. అసలు తిరకాసు ఎంసీవీ నార్మల్‌గా ఉండి ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువున్న ప్రశ్న. ఐరన్, బీ12 రెండూ తక్కువైనప్పుడు చిన్న కణాలు, పెద్ద కణాలు కలిసి సగటు 88 దగ్గర వచ్చి కూర్చుంటుంది. ఆప్షన్లలో మిక్స్‌డ్ డెఫిషియన్సీ ఉందేమో వెతకండి, స్మియర్ బొమ్మ ఇచ్చి ఉంటే రెండు రకాల కణాలూ అందులోనే కనపడతాయి.