ఎముకల్లో ఇంకా ఊరుతున్న నూనె

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్ళు ఇంగ్లీషు సాహిత్యం చెప్పాను. ‘మోబీ డిక్’ నవలలో తెల్ల తిమింగలం దేనికి ప్రతీక? ఈ ప్రశ్నను ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు. ప్రకృతికి, విధికి, దైవానికి, చెడుకు అని నాలుగు జవాబులు చెప్పేదాన్ని. పిల్లలు నాలుగూ రాసి మార్కులు తెచ్చుకునేవారు. తిమింగలం ఎముకనైనా చూడకుండా ఆ పాఠం చెప్పానన్న వెలితి మాత్రం పదవీ విరమణ చేశాక కూడా పోలేదు. అందుకే బోస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, నయాగరా తర్వాత చూద్దాం, ముందు న్యూ బెడ్‌ఫర్డ్ తీసుకెళ్ళమని అడిగాను.

అక్టోబరు నడుమ, చలిగాలి వీస్తున్న ఉదయం అక్కడికి చేరాం. ఆ నవల రాసిన హెర్మన్ మెల్‌విల్ 1841 జనవరి 3న తిమింగలాల వేటకు ఓడెక్కింది ఈ రేవు నుంచే. అప్పటికి ఆయన వయసు 21. రాళ్ళు పరిచిన వీధి ఎక్కితే జానీ కేక్ హిల్ మీద నావికుల ప్రార్థనామందిరం ఉంది. కట్టింది 1832లో. నవల మొదట్లో, కథ చెప్పే నావికుడు ఇష్మాయేలు వచ్చి కూర్చునే మందిరం ఇదే.

లోపల ముందుగా కళ్ళు వెళ్ళేది ప్రసంగవేదిక మీదికి. అది ఓడ ముందుభాగంలా ముక్కు చాచి ఉంటుంది. నవలలో బోధకుడు తాడు నిచ్చెన పట్టుకుని అలాంటి వేదిక ఎక్కి, నిచ్చెనను పైకి లాగేసుకుని, బైబిల్లో తిమింగలం కడుపులో పడ్డ యోనా కథ చెప్తాడు. నిచ్చెన లాగేసుకోవడం చూసిన ఇష్మాయేలు, దీనికి ఏదో కనిపించని అర్థం ఉండి తీరాలని తనలో తాను తర్కించుకుంటాడు. నిజానికి మెల్‌విల్ కూర్చున్న కాలంలో ఇక్కడ అలాంటి వేదికే లేదు. 1956లో నవల సినిమాగా వచ్చాక, చూడవచ్చినవాళ్ళు ఓడ ముక్కు ఎక్కడని అడుగుతుంటే, 1961లో కట్టించారు. ఒక రచయిత ఊహించిన గుర్తు నూరేళ్ళ తర్వాత కొయ్యగా మారి నిలబడింది. దాన్ని నకిలీ అనడానికి నాకు మనసు రాలేదు. చేతితో తాకి వచ్చాను.

కానీ నన్ను కదలనివ్వనివి గోడలు. సముద్రంలో పోయినవాళ్ళ పేర్లతో చుట్టూ పాలరాతి ఫలకాలు. ఒక కెప్టెన్ 1844లో తిమింగలానికి బల్లెం గుచ్చాక, ఆ తాడే ఆయన్ను ఓడ మీంచి ఈడ్చుకుపోయిందని ఒక దాని మీద ఉంది. నవల చివర ఓడ కెప్టెన్ అహాబు చావు కూడా బల్లెం తాడు మెడకు చుట్టుకునే వస్తుంది. మెల్‌విల్ ఈ మందిరానికి వచ్చిన నాటికి ఆ ఫలకం లేదు. ఆయన ఆ చావును కల్పించాడనుకుని పాఠం చెప్పిన నాకు, అది ఈ ఊరివాళ్ళకు ఎరిగిన చావేనని అప్పుడు అర్థమైంది. ఫలకాల కింద దేహాలు లేవు. మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన వెళ్ళాక, శవం దొరకని బిడ్డ కోసం నెలల తరబడి కరకట్ట మీద కూర్చున్న తల్లుల్ని చిన్నతనంలో చూశాను. నవలలో ఈ బెంచీల మీద ఆడవాళ్ళు ఎవరి దుఃఖంతో వాళ్ళు దూరదూరంగా కూర్చుంటారు. ఆ వాక్యాలు క్లాసులో ఎప్పుడూ చదివి వినిపించలేదు, ప్రశ్నపత్రంలో రావు కనుక.

వీధికి అటువైపే తిమింగలాల వేట మ్యూజియం. తలుపు దాటగానే తల మీద నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతుంది. 66 అడుగులు. అది ఇంకా పూర్తిగా ఎదగని పిల్లే. 1998లో ఒక ట్యాంకరు ఓడ గుద్ది చనిపోయింది. చనిపోయాక ఏళ్ళ తరబడి దాని ఎముకల్లోంచి నూనె ఊరుతూనే వచ్చిందని, బొట్లు సీసాలోకి పడేలా గొట్టం అమర్చారని చెప్పారు. ఎముకల మీద జిడ్డు మరకలు నాకు కింద నుంచే కనిపించాయి. ఈ నూనెతోనే ఒకప్పుడు ఇళ్ళలో దీపాలు వెలిగాయి. ‘వెలుగు పంచుతాను’ అని అర్థం వచ్చే లాటిన్ మాటలు ఈ ఊరి ముద్ర మీద ఉంటాయి. మీరు కాల్చే ప్రతి గాలనులో మనిషి నెత్తుటి బొట్టు ఒకటైనా ఉందని ఇష్మాయేలు చదువరులకు గుర్తు చేస్తాడు. అదే అధ్యాయంలో, ఈ తిమింగలాన్ని వికారమైన నీతికథగా తీసుకోవద్దని కూడా వేడుకుంటాడు. ఆ జిడ్డు మరకల కింద నిలబడితే ఆ వేడుకోలు సూటిగా నాకే చెప్పినట్టుంది.

మెల్‌విల్ మన మత్స్యావతారాన్ని కూడా వదల్లేదు. నీటి అడుగున ఉన్న వేదాలను తేవడానికి విష్ణువు తిమింగలమయ్యాడని రాసి, ఆయన్ను కూడా వేటగాళ్ళ గోత్రంలో కలుపుకున్నాడు. సోమకాసురుడి కథ వింటూ పెరిగిన నాకు అది చదివిన ప్రతిసారీ ఆనందమే. అంతకంటే దగ్గరగా తోచేది తెలుపు మీద రాసిన 42వ అధ్యాయం. పోతన ‘శారద నీరదేందు’ పద్యంలో శరన్మేఘం, చంద్రుడు, కర్పూరం, హంస, మల్లెదండ, మంచు, నురుగు, పాలసముద్రం ఒక్కొక్కటిగా పేర్చి సరస్వతి తెలుపును మన కళ్ళకు కట్టాడు. మెల్‌విల్ కూడా అలాగే పేరుస్తాడు. ముత్యాలు, పెళ్ళికూతుళ్ళ అమాయకత్వం, సయాం రాజుల తెల్ల ఏనుగు. ఆపైన ధ్రువపు ఎలుగు, సొరచేప, శవం మీది గుడ్డ. జాబితా పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. అదే రంగు ఒకచోట చదువులతల్లి ఒంటి కాంతి, మరొకచోట అర్థం లేని శూన్యం. మన ఊళ్ళలోనూ మల్లెలు తెల్లనే, భర్త పోయిన ఆమెకు కట్టిన చీరా తెల్లనే. ఈ అధ్యాయాన్ని తెలుగు పిల్లలకు పోతన పద్యం పక్కన పెట్టి చెప్పి ఉండాల్సింది.

పక్క హాలులో ‘లగోడా’ ఉంది. అసలు ఓడలో సగం కొలతకు చేసిన నమూనా, 89 అడుగులు. ఎక్కి తిరగవచ్చు. డెక్ మీద కొవ్వు కరిగించే ఇటుక పొయ్యిలున్నాయి. నడి స్తంభం దగ్గర చాలాసేపు ఆగాను. అహాబు బంగారు నాణెం దిగ్గొట్టింది ఇలాంటి స్తంభానికే. తెల్ల తిమింగలాన్ని ముందు చూసినవాడికి ఆ నాణెం. 99వ అధ్యాయంలో ఒక్కొక్కరూ వచ్చి దాన్ని చూస్తారు. దాని మీద మూడు కొండలు. ఓడ అధికారి స్టార్‌బక్‌కు క్రైస్తవుల త్రిత్వం కనిపిస్తుంది. అహాబుకు ప్రతి కొండ మీదా తానే. ఇంకో అధికారి ఫ్లాస్క్ పదహారు డాలర్లని లెక్కగట్టి, రెండు సెంట్ల చొప్పున 960 చుట్టలొస్తాయని తప్పు లెక్క చెప్తాడు. చివరికి మతి చెదిరిన పిల్లవాడు పిప్ వచ్చి, నేను చూస్తాను, నువ్వు చూస్తావు, అతడు చూస్తాడు అని వ్యాకరణం వల్లిస్తాడు. ఆ పిల్లవాణ్ణి పట్టించుకోకుండా నాలుగు జవాబులు రాయించాను. నాకు నిజంగా బాధ కలిగింది.

“అమ్మా, ఇంకొక్కచోటు కూడా చూద్దాం,” అని మా అమ్మాయే మర్నాడు మూడు గంటలకు పైగా కారు నడిపి పిట్స్‌ఫీల్డ్ తీసుకెళ్ళింది. మెల్‌విల్ 1850లో కొన్న ఇల్లు, యారోహెడ్. నవల పూర్తయింది ఇక్కడే. సముద్రం చాలా దూరం. మేడ మీద ఆయన రాసుకున్న గది, ఉత్తరం వైపు కిటికీ, ఆ కిటికీలో గ్రేలాక్ కొండ. మంచు పడితే తిమింగలం వీపులా ఉంటుందంటారు. పొద్దున్నే ఈ కిటికీలోంచి చూస్తే ఓడ కిటికీలోంచి చూసినట్టుందని ఆ చలికాలం ఆయన స్నేహితుడికి రాశాడు.

మేం వెళ్ళిన రోజున మంచు లేదు. ఎర్రబారిన చెట్ల వెనుక బూడిదనీలం గీతలా కొండ. నాకు తిమింగలమే కనిపించింది, కనిపించాలని ముప్ఫై ఏళ్ళుగా అనుకుంటున్నాను కదా. పక్కన నిలబడ్డ అమ్మాయిని అడిగాను, నీకేం కనిపిస్తోందని.

“అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువులో పడుకున్న గేదె,” అంది. “వీపొక్కటే పైకి తేలి ఉంది చూడు.”

మళ్ళీ చూశాను. నిజమే, గేదె వీపు.