పొట్టలో ఎముక పెట్టుకుని మూడుసార్లు తిరిగాను

నిన్ననే తల మీద ఆపరేషన్ కోతకి కుట్లలా వేసిన పిన్నులు తీశారు. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

దీపావళి అయిన వారానికి సూర్యాపేట దగ్గర బండి మీంచి పడ్డాను. హెల్మెట్ ఉంది, పెట్రోల్ ట్యాంక్ మీద. (తిట్టదలచుకున్నవాళ్లు వరుసలో నిలబడండి, మా ఆవిడ ముందుంది.) మెదడు వాచింది. పుర్రె సాగే వస్తువు కాదు కదా, వాచిన మెదడుకి లోపల చోటుండదు. అందుకని కుడివైపు అరచెయ్యంత ఎముక కోసి పక్కకు తీశారు. దానివల్లే బతికాను. చేసిన డాక్టర్లకి దండం పెడతాను. నా గొడవ వాళ్ల చేతులతో కాదు, వాళ్ల కాగితాలతో.

ఐదు నెలలు ఆ ఎముక లేకుండా ఉన్నాను. లేచి నిలబడితే అక్కడ చర్మం గిన్నెలా లోపలికి పోయేది, తలనొప్పి మొదలయ్యేది. పడుకుంటే తగ్గేది. దగ్గితే అదే చోటు ఉబికేది. వేలు ఆనిస్తే లోపల నాడి కొట్టుకోవడం తెలిసేది. ఒకసారి మా చిన్నది ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. అప్పటినుంచి ఇంట్లో కూడా టోపీయే. కుడివైపు పడుకోవడం బంద్.

వాపు పూర్తిగా తగ్గాక ఎముక తిరిగి పెట్టించుకోవాలి. మొదటి ఆసుపత్రిలో చేయించుకునే డబ్బు మిగల్లేదు, ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. ఓపీలో కుర్ర డాక్టరు డిశ్చార్జ్ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఎముక తీశారని ఉంది, ఎక్కడ పెట్టారో లేదే?" అన్నాడు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో దాచి ఉండొచ్చట, పారేసి ఉండొచ్చట. పారేస్తే టైటానియం జాలీయో, బోన్ సిమెంటో వెయ్యాలి. "పాత ఆసుపత్రిలో రాయించుకు రండి" అన్నాడు.

అక్కడినుంచి మొదలైంది.

మొదటిసారి వెళ్తే రికార్డుల గుమాస్తా భోజనానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోసారి "ఫైలు కిందికి పోయింది" అన్నాడు. ఏ కిందికో చెప్పలేదు. మూడోసారి నా వెనక పదిమంది ఉన్నారు. "సార్, నా తల ఎముక ఎక్కడ పెట్టారో రాసివ్వండి" అన్నాను. అతను నవ్వాడు. "ఇదేమన్నా బ్యాంకు లాకరా బాబూ, మీరు దాచుకుని పోవడానికి?" వెనక ఎవరో కూడా నవ్వారు. తర్వాత, "అసలు పేషెంటు మీరేనా? టోపీ తియ్యండి, చూద్దాం" అన్నాడు. ఆధార్ చేతిలోనే ఉంది, చూపించొచ్చు. ఎందుకో ఆ క్షణంలో బుర్ర పనిచెయ్యలేదు, తీసేశాను. ఒకావిడ పిల్లాడి కళ్లు మూసింది. గుమాస్తా చూసి, తల దించుకుని, "రేపు రండి" అన్నాడు. బస్సులో ఇంటిదాకా మా ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాతి ఓపీ రోజున పెద్ద డాక్టరు ఉన్నారు. కథంతా విన్నారు. "పడుకోవయ్యా, చొక్కా ఎత్తు" అన్నారు. బొడ్డు పక్కన ఉన్న మచ్చ మీద రెండు వేళ్లతో నొక్కి, "ఇదిగో నీ ఎముక" అన్నారు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, అదీ మా సంగతి. పొట్ట చర్మం కింద కొవ్వులో సంచిలా చేసి దాచడం మన దగ్గర మామూలేనట. ఫ్రీజర్ ఖర్చుండదు, పేషెంటు ఎక్కడికి పోతే ఎముకా అక్కడికే. ఆ మచ్చ ఆహారం పైపుదని ఎవరో అంటే నమ్మాం. వంగినప్పుడు ఏదో గుచ్చుకుంటే గ్యాస్ అనుకుని మాత్రలు మింగాను!

అయినా కాగితం కావాలన్నారు, నలిగిన ముక్కలేమైనా పారేశారేమో తెలియాలి కాబట్టి. ఈసారి లైన్లో నిలబడలేదు. ఉత్తరాలు తీసుకునే ఇన్‌వార్డు కౌంటర్లో అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. పేషెంటు అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది, ఆ మాట అర్జీలో రాశాను. రెండోరోజే ఫోన్ వచ్చింది. కిందికి పోయిన ఫైలు పైకొచ్చింది. మీరూ ఇదే చెయ్యండి, గుమాస్తాల్ని బతిమాలకండి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొట్టలోంచి తీసి, చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగించారు. నలిగిన మూలకి చిన్న జాలీ వేశారు. లోపల చేరే రక్తం బయటికి పోయే గొట్టం (డ్రెయిన్) రెండు రోజులుంది. తలకంటే పొట్టే ఎక్కువ నొప్పి పెట్టింది, ఇది మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. ఫిట్స్ మాత్రలు ఇంకా వాడుతున్నాను, డాక్టరు చెప్పేదాకా మానకూడదు. ఇన్ఫెక్షన్ వస్తే పెట్టిన ఎముక మళ్లీ తియ్యాల్సి వస్తుందట, అందుకే కుట్ల మీద చెయ్యి పెట్టాలంటేనే భయం.

డిశ్చార్జ్ రోజు ఆటో బయట ఆగి ఉంది. మా ఆవిడ సంచులతో గుమ్మం దాటింది. నేను మాత్రం కౌంటర్ దగ్గరే నిలబడి కాగితం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎముక, ప్లేట్లు, జాలీ అన్నీ ఉన్నాయి. వైపు దగ్గర "ఎడమ" అని ఉంది.

ఆటోవాణ్ణి పంపేశాం. గంటన్నర పట్టింది "కుడి" అని దిద్దించడానికి.