ముక్కలు వద్దంటే ఫైలే రాలేదు

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డుకి సీషార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్టాకు ప్రోగ్రాం రాసిచ్చాను. 'రాయి' అని ఒక బేస్ క్లాసు (అన్నిటికీ తల్లి నమూనా), దాని కింద పిల్ల క్లాసులుగా బ్లాకు, స్లాబు, ముక్క. రోజూ సాయంత్రం స్టాకు ఎక్స్ఎంఎల్ (ట్యాగుల మధ్య వివరాలు రాసే పద్ధతి) ఫైలుగా ఒంగోలులో ఆడిటరు దగ్గరికి పోవాలి. "ముక్కలు మాత్రం పంపమాక అబ్బాయ్, అవి ట్రాక్టర్ల లెక్కన అమ్మేవి, వాటికి వేరే పుస్తకముంది" అన్నారు ఓనరు గారు.

ప్రోగ్రాంలోని డేటాని ఆ ఫైలుగా రాసే ఎక్స్ఎంఎల్ సీరియలైజర్‌కి పిల్ల క్లాసుల సంగతి మనమే చెప్పాలి. బేస్ క్లాసు మీద 'ఎక్స్ఎంఎల్ ఇన్‌క్లూడ్' అనే గుర్తు పెట్టి బ్లాకు, స్లాబు పేర్లు రాసి, ముక్కని వదిలేశాను. పేరు చెప్పనిదాన్ని దాటేసి పోతుందిలే అని నా తెలివి. బటన్ నొక్కగానే ఎర్రర్. ఫైలు తెరిస్తే రెండు బ్లాకులు రాసి మధ్యలో తెగిపోయి ఉంది. ఆ ఎర్రర్ లోపల దాగిన అసలు ఎర్రర్ (ఇన్నర్ ఎక్సెప్షన్) చూస్తే అప్పుడు తెలిసింది: ముక్క అనే టైపు వస్తుందనుకోలేదు, ఇన్‌క్లూడ్ వాడమంటోంది. అంటే తెలియనిది ఎదురైతే అది పక్కన పెట్టదు, మొత్తం పనే ఆపేస్తుంది.

పోనీ ముక్క క్లాసు మీదే 'ఎక్స్ఎంఎల్ ఇగ్నోర్' (దీన్ని రాయొద్దు అనే గుర్తు) పెడదామంటే కంపైలరే ఒప్పుకోలేదు. అది క్లాసు లోపల విలువలుండే ప్రాపర్టీలకీ ఫీల్డులకీ పెట్టేది, క్లాసుకి కాదు. రాయాలా వద్దా అని చెప్పే 'షుడ్ సీరియలైజ్' మెథడ్ కూడా అంతే, రాళ్ల జాబితా మొత్తాన్ని ఉంచుతుంది, లేదా తీసేస్తుంది. అందులో ఒక్కో రాయిని ఏరదు.

చివరికి అసలు జాబితా మీద ఇగ్నోర్ పెట్టి, ముక్కల్ని ఏరేసి మిగిలినవి ఇచ్చే ఇంకో పబ్లిక్ ప్రాపర్టీ రాశాను. దాని మీద 'ఎక్స్ఎంఎల్ ఎర్రే ఐటెం' (జాబితాలో ఏ టైపు ఉండొచ్చో చెప్పే గుర్తు) రెండుసార్లు, బ్లాకుకొకటి, స్లాబుకొకటి. ట్యాగులు కూడా ఆ పేర్లతోనే శుభ్రంగా వచ్చాయి.

హమ్మయ్య అనుకుని అదే ఫైలుని మళ్లీ లోడ్ చేస్తే స్టాకు సున్నా! గంటసేపు టెన్షన్. ఆ ప్రాపర్టీ ఇచ్చేది 'లిస్ట్'. గెట్టర్ (విలువ ఇచ్చే భాగం) నుంచి లిస్ట్ దొరికితే సీరియలైజర్ సెట్టర్ (విలువ పెట్టే భాగం) జోలికి పోదు, ఆ లిస్ట్‌లోనే రాళ్లు వేస్తుంది. నా గెట్టర్ ఇచ్చేది అప్పటికప్పుడు చేసిన కాపీ, అసలు జాబితాకి ఏమీ చేరదు. లిస్ట్ తీసి ఎర్రే పెట్టాను. అప్పుడు సీరియలైజర్ సెట్టర్‌ని పిలిచింది, రాళ్లన్నీ వచ్చాయి.

మర్నాడు ఓనరు గారు ప్రింటవుట్ తిరగేసి, "ముక్కలెన్నో కింద ఒక లైను రాయకూడదా?" అన్నారు.