అమ్మ ఉన్న అనాథలు

ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌కు వచ్చిన ఈ ఆరేళ్లలో మా అమ్మాయి తెలుగు సన్నబడిపోయింది. నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లీషులో జవాబిస్తుంది. మొన్న నేను బంగాళాదుంపల తొక్క తీస్తుంటే, బడికి ఒక ఐరిష్ ఖైదీ కథ రాసుకెళ్లాలంటూ వచ్చి పక్కన కూర్చుంది.

ఆ ఖైదీ మార్గరెట్ బట్లర్. నేరం, ఐర్లండ్‌లోని కార్లోలో బంగాళాదుంపలు దొంగిలించడం. శిక్ష, ఏడేళ్ల ద్వీపాంతరవాసం. నా చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. ఆమెను ఎక్కించిన 'టాస్మేనియా' అనే ఓడ 1845 సెప్టెంబరు 2న డబ్లిన్ దగ్గరి కింగ్స్‌టౌన్ రేవు నుంచి బయల్దేరింది. అందులో 138 మంది ఆడ ఖైదీలు, వాళ్ల పిల్లలు 35 మంది. డిసెంబరు 3న మా ఊళ్లోనే దిగారు. ఓడ వెళ్లిన ఆ నెలలోనే ఐర్లండ్‌లో దుంప తెగులు బయటపడింది. మహా కరువు ఆ వెనకే వచ్చింది.

"అండమాన్‌కు పంపినట్టా?" అంది. తాతయ్య చెప్పిన మన్యం పితూరీ కథ ఇంకా గుర్తున్నట్టుంది.

అప్పట్లో కొత్తగా దిగిన ఆడ ఖైదీలను డెర్వెంట్ నదిలో లంగరేసిన ఆన్సన్ అనే పాత యుద్ధనౌకలో కొన్నాళ్లు ఉంచి, తర్వాత ఇళ్లలో పనికి కుదిర్చేవారు. పిల్లలను వెంట ఉండనిచ్చేవారు కాదు. కాస్త ఎదిగినవాళ్లను న్యూటౌన్‌లోని అనాథల బడిలో చేర్చేవారు.

"అమ్మ ఉంటే అనాథ ఎలా అవుతారు?" తెలుగులోనే అడిగింది.

నాథుడు లేనివాడు అనాథ, అంటే దిక్కు లేనివాడు అని విడదీసి చెప్పాను, పెద్ద పండితురాలిలా.

"అమ్మ దిక్కు కాదా?"

నా పాండిత్యం అక్కడితో సరి.

మన వాళ్ల కూడికల్లో ఎవరో ఒకరు "మనమూ ప్రవాసులమే కదా" అని నిట్టూరుస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. వీసా ముద్ర కొట్టించుకుని, పచ్చడి సీసాలు కస్టమ్స్ వారికి చూపించుకుని వచ్చినవాళ్లం మనం. మన పిల్లల నోట తెలుగు జారిపోతుంటే అది చాలావరకు మన బద్ధకం. ఆ తల్లులకు బద్ధకించే అవకాశమైనా ఇవ్వలేదు.

ఆదివారం న్యూటౌన్ వెళ్లాం. సెయింట్ జాన్స్ చర్చికి రెండు వైపులా ఆ బడి కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నుంచే అమ్మమ్మకు ఫోను చేసి, మాటలు వెతుక్కుంటూ కథంతా చెప్పింది. దుంపల సంగతీ, శిక్ష సంగతీ విని మా అమ్మ ఊరుకుంది. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆపింది.

"రాత్రిళ్లు ఎవరి పక్కన పడుకునేవాళ్లే తల్లీ?"

మా అమ్మాయి ఫోను నాకిచ్చేసింది.