టీడీఎస్ మీటరు చూసి సాఫ్ట్‌నర్ కొనకండి

శివారు కాలనీలో నీళ్ల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి గ్లాసులో ముంచుతారు. "ఆరు వందలు! పక్కా హార్డ్ వాటర్" అని తేల్చేస్తారు. అంకె తప్పు కాకపోవచ్చు, దానికి పెట్టిన పేరే తప్పు.

ఆ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నది. వచ్చిన విలువను 0.5కీ 0.7కీ మధ్య ఉండే ఏదో ఒక గుణకంతో హెచ్చించి, కరిగిన లవణాలు మొత్తం (అదే టీడీఎస్) ఇంత అని చూపిస్తుంది. ఉప్పులోని సోడియం, క్లోరైడు కూడా అందులో పడిపోతాయి. సబ్బును నురగ రానివ్వనివీ, గీజరుకు గార పట్టించేవీ మాత్రం ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. ఆ రెండూ ఎంతున్నాయన్నదే కాఠిన్యం, అంటే హార్డ్‌నెస్. 600 టీడీఎస్ ఉన్న రెండు బోర్లలో ఒకదాని కాఠిన్యం 450, రెండోదానిది 120 ఉండవచ్చు. మొదటి ఇంట్లో షవరు రంధ్రాలు పూడుకుపోతాయి, రెండో ఇంట్లో నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, అంతే.

కాఠిన్యాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానం అని చెబుతారు. 60 లోపు మెత్తని నీళ్లు, 120 దాకా ఓ మోస్తరు, 180 దాకా గట్టివి, ఆపైన బాగా గట్టివి. కాఠిన్యం తగ్గించే యంత్రాలైన సాఫ్ట్‌నర్ల మీద 'గ్రెయిన్లు' అని కనిపిస్తే, గాలనుకు ఒక గ్రెయిన్ అంటే 17.1 మిల్లీగ్రాములు. ఒక జర్మన్ డిగ్రీ అంటే 17.85.

కొలవడానికి ల్యాబు దాకా పోనక్కర్లేదు, ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టేసే రసాయనం) చుక్కల కిట్ సరిపోతుంది. సరంజామా ఉంటే పద్ధతిగానే చేసుకోవచ్చు: 50 మిల్లీలీటర్ల నీళ్లు, పీహెచ్ 10 దగ్గర నిలబెట్టే అమోనియా బఫరు ఒకటి రెండు మిల్లీలీటర్లు, రంగు మారి చూపించే ఎరియోక్రోమ్ బ్లాక్ టి పొడి చిటికెడు. నీళ్లు ద్రాక్షసారా ఎరుపుకు తిరుగుతాయి. 0.01 మోలార్ ఈడీటీఏను చుక్కచుక్కగా వదులుతూ, ఎరుపు జాడ పూర్తిగా పోయి నీలం తేలగానే ఆపాలి. పట్టిన మిల్లీలీటర్లను 20తో హెచ్చిస్తే కాఠిన్యం. ఊదా రంగు దగ్గరే ఆపేయడం అందరూ చేసే పొరపాటు. ఇనుము, రాగి ఎక్కువున్న నీళ్లలో రంగు సరిగా తిరగదు, అప్పుడు మాత్రం ల్యాబుకే పంపండి. కాగితపు స్ట్రిప్పులు అంచెలంచెలుగా చూపిస్తాయి కాబట్టి సాఫ్ట్‌నర్ పనిచేస్తోందా లేదా అని చూసుకోవడానికి పనికొస్తాయి, సైజు లెక్కకు పనికిరావు.

ఒక్కసారి కొలిచి ఊరుకోవడం కూడా పొరపాటే. పైపులైను నీళ్లు, బోరు, ట్యాంకరు అన్నీ ఒకే సంపులో కలిసే చోట కాఠిన్యం రోజురోజుకీ మారుతుంది. 80 ఉన్న పైపు నీళ్లు మూడో వంతు, 500 ఉన్న బోరు నీళ్లు రెండు వంతులు కలిస్తే 360. పైపు నీళ్లు రాని రోజున అదే 500. యంత్రాన్ని లెక్క కట్టాల్సింది ఆ చెడ్డ రోజుకే.

ఇప్పుడు సాఫ్ట్‌నర్. లోపలి రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. అందుకే సాఫ్ట్‌నర్ దాటాక టీడీఎస్ తగ్గదు, పైగా కొద్దిగా పెరగవచ్చు కూడా. మీటరు పట్టుకుని "మిషను పనిచేయట్లేదు" అని గొడవపడేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. కాఠిన్యం 100 తగ్గితే లీటరుకు సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పినవాళ్లు తాగే కొళాయినీ, పసిపిల్లల పాలపొడి కలిపే కొళాయినీ, మొక్కల కొళాయినీ సాఫ్ట్‌నర్‌కు ముందే విడదీయాలి.

సైజు లెక్క ఇలా: రోజుకు 600 లీటర్ల వాడకం, కాఠిన్యం 400 అయితే రోజుకు తొలగించాల్సింది 240 గ్రాములు. నిండిన రెజిన్‌ను ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ పనికి తేవడమే రీజెనరేషన్. లీటరు రెజిన్‌కు 100 గ్రాముల ఉప్పు చొప్పున కడిగితే అది దాదాపు 45 గ్రాముల కాఠిన్యాన్ని పడుతుంది. 25 లీటర్ల రెజిన్ అంటే 1,125 గ్రాములు, నాలుగున్నర రోజులకు పైనే. కాస్త మిగులు ఉంచుకుని నాలుగు రోజులకోసారి రీజెనరేషన్, ప్రతిసారీ రెండున్నర కిలోల ఉప్పు. ఉప్పు రెట్టింపు చేసినా సామర్థ్యం రెట్టింపు కాదు. సగం ఉప్పు డ్రెయిన్‌లోకే పోతుందని తెలిసీ చాలామంది సెట్టింగు మార్చరు.

చెడేది ఎక్కడంటే, ముందు ఉప్పు తొట్టి. పైన ఉప్పు గట్టిపడి పలకలా కడుతుంది, కింద నీళ్లకు ఉప్పు అందదు. చూడ్డానికి తొట్టి నిండుగానే ఉంటుంది, కొళాయిలో మాత్రం గట్టి నీళ్లే వస్తాయి. చీపురు కర్రతో మెల్లగా పొడిచి పగలగొట్టాలి. నాసిరకం ఉప్పులోని మట్టి ఉప్పునీళ్లను లాగే ఇంజెక్టరు సన్నటి రంధ్రాన్ని మూసేసినా కొళాయిలో గట్టి నీళ్లే, కానీ అప్పుడు రీజెనరేషన్ జరిగినా తొట్టిలో నీటి మట్టం దిగదు. రెజిన్ తుప్పు రంగుకు తిరిగితే ఇనుము పట్టిందని అర్థం. అప్పుడు ముందు ఇనుము ఫిల్టరు కావాలి, రెజిన్ ఒక్కటే మార్చితే మళ్లీ అదే కథ. పైపు చుట్టూ అయస్కాంతం బిగించే పరికరాల సంగతి అడిగితే, ముందూ వెనకా చుక్కల పరీక్ష చేసి చూడండి. కాఠిన్యం అంతే ఉంటుంది.

గార ఎంత పడుతుందో తెలియాలంటే క్షారతను, అంటే ముఖ్యంగా నీటిలోని బైకార్బొనేటును కూడా కొలవాలి. మరిగిస్తే విడిపోయేది బైకార్బొనేటుతో ఉన్న భాగమే. కాఠిన్యం 400, క్షారత 150 అయితే గార భయం ఆ 150 మేరకే. గీజరు 60 డిగ్రీలు దాటితే గార చకచకా పేరుకుంటుంది. అలాగని నిల్వ గీజరును 40-45 దగ్గర గోరువెచ్చగా వదిలేయకండి, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియాకు అది సుఖమైన వేడి. షవరు తలను విప్పి, లీటరు గోరువెచ్చని నీళ్లలో 30 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెడితే చాలు. మరిగే నీళ్లు వద్దు, వేడికి కాల్షియం సిట్రేటు గట్టిపడి కొత్త పొర కడుతుంది. బ్లీచింగుతో ఏ ఆమ్లాన్నీ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది.

కాఠిన్యం ఇబ్బందే కానీ జబ్బు కాదు. జబ్బు చేసేవి కంటికి కనబడవు. నైట్రేటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడుకు 1.5. సెప్టిక్ ట్యాంకులకు దగ్గరగా బోరు ఉన్న కాలనీలో నైట్రేటు, ఈ-కోలై (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) పరీక్షలు కాఠిన్యం కంటే ముందు చేయించాలి. సాఫ్ట్‌నర్ ఈ మూడింటిలో దేన్నీ తీయదు. పైపు నీటికైతే కొళాయి దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. సంపులో రెండు రోజులు నిలవున్న నీటిలో అది తరచూ మిగలదు.

కుళ్లిన గుడ్ల వాసన వేడి నీళ్లలోనే వస్తే బోరును తిట్టకండి, గీజరు ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీని చూడండి. గ్లాసులో నీళ్లు పాలలా కనిపించి కింద నుంచి పైకి తేటపడితే అది గాలి, ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. పై నుంచి తేటపడి అడుగున పొడి మిగిలితే అది మట్టో సున్నమో: రెండు చుక్కల నిమ్మ ఉప్పు నీళ్లు వేసి చూడండి, కరిగిపోతే సున్నం.