టుల్లీ వాన నుంచి టాడ్ ఇసుక దాకా

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో టుల్లీ అని ఒక చిన్న ఊరుంది. ఊళ్లో చెరకు మిల్లు, నాలుగు షాపులున్న మెయిన్ రోడ్డు, దాని పక్కనే బంగారు రంగు వేసిన ఒక గమ్‌బూటు ఉన్నాయి. బూటు ఎత్తు 7.9 మీటర్లు. 1950లో ఆ ఊళ్లో పడిన వాన అంతన్నమాట. లోపల మెట్లెక్కి పైనుంచి ఊరంతా చూడొచ్చు. ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో జీవితమంతా గడిపి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ అంకెని రెండుసార్లు చదువుకున్నాను. మా కోనసీమలో మంచి ఏడాదిలో కూడా వెయ్యి, పన్నెండొందల మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఇక్కడ 7,900! "ఏమండీ, డ్యూటీ అయిపోయింది, కిందకి దిగండి" అని మా ఆవిడ పిలిచేదాకా బూటు పైనే ఉన్నాను.

మా అమ్మాయి బ్రిస్బేన్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడల్లా మనవణ్ణి స్కూలుకి దింపడం, వీకెండ్‌లో పార్కు, గుడి, ఇండియన్ షాపు, అంతే. ఈసారి మాత్రం ఇద్దరమే నెల రోజులకు పైగా తిరిగొద్దామని ముందే అనుకున్నాం. కేర్న్స్‌కి విమానంలో వెళ్లి, అక్కడ చిన్న క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని, సముద్రం పక్కనే టౌన్స్‌విల్ దాకా, అక్కణ్ణుంచి పడమటికి తిరిగి దేశం మధ్యలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊరు, ఉలురు అనే పెద్ద రాతికొండ దాకా. అమ్మాయికి ఒకటే టెన్షన్. అల్లుడు మాత్రం "మామయ్యగారూ, అక్కడ కూడా ఎడమ పక్కే డ్రైవింగ్, పర్లేదు" అన్నాడు. మా ఆవిడ నాకంటే బాగా నడుపుతుందన్న సంగతి ఆయనకి తెలియదు.

కేర్న్స్‌లో అడుగు పెట్టగానే సముద్రం చూద్దామని పరిగెత్తేవాళ్లకి ఒక మాట. ఊళ్లో బీచ్ లేదు. పోటు తీస్తే బురద మేట బయటపడుతుంది, దాని మీద కొంగలు తిరుగుతుంటాయి. జనం ఈదడానికి ఒడ్డునే ఉప్పునీటి కొలను ఒకటి కట్టారు, టికెట్ లేదు. సాయంత్రమైతే గబ్బిలాలు గుంపులు గుంపులుగా ఊరి మీదుగా ఎగిరిపోతాయి.

రీఫ్, అంటే సముద్రంలోని పగడాల దిబ్బలు చూడాలంటే పడవెక్కాలి. గ్రేట్ బారియర్ రీఫ్ 2,300 కిలోమీటర్ల పొడవు. మేం చూసింది ఒడ్డు నుంచి 27 కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రీన్ ఐలాండ్ చుట్టుపక్కలే. మా ఆవిడకి ఈత రాదు. అద్దం అడుగు పడవలో కూర్చుని కాసేపు చూసి, తర్వాత తనే లైఫ్‌జాకెట్ వేయించుకుని, మూతికి గొట్టం పెట్టుకుని నీళ్లలోకి దిగింది. పైకొచ్చాక గంటసేపు తాబేలు కబుర్లే. నాకు మాత్రం బ్రోషర్లలో చూపించే రంగులు అన్నిచోట్లా కనబడలేదు. కొన్ని చోట్ల కొమ్మలు విరిగి, బూడిద రంగులో పడున్నాయి. సముద్రం వేడెక్కితే పగడాలు తమలో ఉండే నాచుని వదిలేసి తెల్లబడిపోతాయి. 2016, 2017, 2020, 2022, 2024ల్లో పెద్ద ఎత్తున అలా జరిగింది. పడవలో గైడు ఈ సంగతి దాచకుండా చెప్పింది. టికెట్లు అమ్ముకునే చోట అంత నిజాయితీ నాకు నచ్చింది.

కేర్న్స్‌కి ఉత్తరాన డెయిన్‌ట్రీ నది దాటాలంటే పంటు ఎక్కాలి. ఉక్కు తాళ్ల మీద నడిచే పంటు, కార్లు దాని మీదకి ఎక్కించి అవతలి ఒడ్డున దించుతారు. సఖినేటిపల్లి రేవులో పెరిగిన మా ఆవిడకి ఇందులో వింతేమీ కనబడలేదు. నది ఒడ్డున మొసలి బొమ్మల బోర్డులు మాత్రం కొత్త. 1974లో క్వీన్స్‌లాండ్‌లో మొసళ్ల వేట నిషేధించాక అవి మళ్లీ పెరిగాయి. నీటి అంచుకి వెళ్లొద్దు, చేపలు అక్కడ శుభ్రం చేయొద్దు అని రాసి ఉంటుంది. జనం పాటిస్తారు కూడా.

పంటు దాటగానే ఫోన్ సిగ్నల్ పోయింది. అడవి రోడ్డు మీదకి కమ్ముకొచ్చేస్తుంది. కొండ మలుపుల్లో కొత్తగా కట్టిన గోడలు, ఎర్రమట్టి తేలిన చరియలు కనబడ్డాయి. 2023 డిసెంబరులో జాస్పర్ తుపానప్పుడు ఈ ప్రాంతంలో కొన్నిచోట్ల నాలుగైదు రోజుల్లోనే రెండు మీటర్లకు పైగా వాన పడింది. రోడ్లు తెగి, ఇక్కడి ఊళ్లకి దారి లేకుండా పోయింది. కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర అడవి నేరుగా ఇసుకలోకి దిగుతుంది. 1770లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ దగ్గర్లోని రీఫ్‌కి కొట్టుకుంది, ఆ బాధలోనే ఈ కొనకి ఆ పేరు పెట్టాడు. ఈ అడవి అంతకు ముందు నుంచీ ఈస్టర్న్ కుకు యలంజి అనే ఆదివాసులది. 2021లో డెయిన్‌ట్రీ నేషనల్ పార్కుని ప్రభుత్వం వాళ్లకి తిరిగి ఇచ్చింది. తిరుగుదారిలో ఒక కాసోవరీ రోడ్డు దాటింది. మనిషెత్తు పక్షి, నీలం మెడ, నెత్తిన గట్టి కిరీటం. దాటడానికి తొందరేమీ పడలేదు. వెనక రెండు కార్లు ఆగాయి, ఎవరూ హారన్ కొట్టలేదు.

దక్షిణానికి వస్తుంటే ఇన్నిస్‌ఫెయిల్ చుట్టూ అరటితోటలు. గెలలకి సంచులు తొడిగారు. రావులపాలెం మార్కెట్‌కి అలవాటుపడ్డ కళ్లు చక్కెరకేళి కోసం వెతికాయి కానీ ఇక్కడ దాదాపు అన్నీ కావెండిషే. 2006లో లారీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేస్తే దేశమంతా అరటిపండు ధర ఆకాశాన్నంటింది. మిగతా నేలంతా చెరకు. చెరకు లాగే బుల్లి రైళ్లు రోడ్డుకి అడ్డంగా వెళ్తుంటే గేటు దగ్గర ఆగాల్సిందే. ఈ తోటల్లో 1863 నుంచి 1904 దాకా పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన 62,000 మంది దాకా పనిచేశారు. చాలామందిని మోసం చేసో, బలవంతంగానో తెచ్చారు. ఫిజీలో చెరకు తోటలు, మిల్లులు నడిపిన పెద్ద కంపెనీ కూడా ఆస్ట్రేలియాదే. అక్కడికి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా మనవాళ్లు కూడా వెళ్లారు. కేర్న్స్‌లో మేం కందిపప్పు కొన్న షాపావిడ ఫిజీ మనిషి. వాళ్ల ముత్తాత ఆ ఓడల్లో వచ్చినవాడేనట. ఆవిడ మాతో హిందీలోనే మాట్లాడింది. బిల్లు వేసేటప్పుడు కరివేపాకు కట్ట ఒకటి ఊరికే పడేసింది.

టౌన్స్‌విల్‌లో సముద్రానికి వీపు పెట్టాం. అక్కణ్ణుంచి మౌంట్ ఐసా దాదాపు 900 కిలోమీటర్లు. రెండు గంటలు నడిపేసరికి గాలి పొడిబారిపోయింది, చెట్లు పొట్టివయ్యాయి. ఇక్కడే నాకు అసలు ప్రయాణం మొదలైంది. రోడ్డు కాస్త పల్లంలోకి దిగిన ప్రతిచోటా పక్కన తెల్ల కర్ర ఒకటి, దాని మీద 0.2, 0.4 నుంచి 2 మీటర్ల దాకా గుర్తులు. లాకుల దగ్గర గేజి చదివి, లస్కర్లతో మాట్లాడి బతికినవాణ్ణి కనక బండి ఆపించి దిగి చూశాను. చుట్టూ ఎండిన గడ్డి, పగుళ్లిచ్చిన నల్లరేగడి. వాగు కాదు కదా, పిల్ల కాలవ జాడ కూడా లేదు. కానీ వాన పడితే ఇక్కడ నిలువెత్తు నీళ్లు వస్తాయి, రోడ్డు రోజుల తరబడి మూసేస్తారు. దిక్కు చూపించడానికి ఒక్క కొండ లేని నేల మీద నీళ్లు ఎటు పోవాలో తెలియక పరుచుకుంటాయి. ఎడారి అంటే నీళ్లు లేని చోటు అనుకునేవాణ్ణి. ఇక్కడ నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పకుండా వస్తాయి, అదే తేడా.

కింద మాత్రం ఎప్పుడూ ఉన్నాయి. గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అని, దేశంలో అయిదో వంతుకు పైగా నేల కింద విస్తరించిన భూగర్భ జలం. తూర్పు కొండల పడమటి వాలు మీద పడిన వానలో కొంత ఇసుకరాతి పొరల్లోకి ఇంకి, ఏడాదికి కొద్ది మీటర్ల చొప్పున పడమటికి జరుగుతుంది. టుల్లీ వాన మాత్రం తూర్పు వాలున పడి సముద్రంలోకే పోతుంది. లోతుగా బోరు వేస్తే ఆ నీళ్లు తమంతట తాము, వేడిగా పైకి తన్నుకొస్తాయి. వెనకటి రోజుల్లో బోర్లకి మూత లేకుండా మట్టి కాలవల్లో వదిలేసేవారు. అందులో నూటికి తొంభై వంతులు ఇంకీ, ఆవిరయ్యీ పోయేది. ఇప్పుడు బోర్లకి వాల్వులు బిగించి పైపుల్లో పంపుతున్నారు. చివరి భూములకి నీళ్లందక రైతులు కొట్టుకునే దేశం నుంచి వచ్చాను, ఆ పైపుల్ని చూసి నాకు కాస్త అసూయ పుట్టింది. జూలియా క్రీక్‌లో ఈ నీళ్లతోనే తొట్టి స్నానం చేశాం. ఒళ్లు నొప్పులు పోయాయి. అవే నీళ్లతో టీ పెడితే మాత్రం గంధకం వాసన. మా ఆవిడ ఒక గుక్క తాగి మిగతాది పారబోసింది.

మౌంట్ ఐసా దాటాక బార్క్లీ మైదానం. ఇక్కడ మా ఆవిడే నడిపింది. గంటల తరబడి గడ్డి, ఆకాశం, తిన్నని రోడ్డు. ఎదురొచ్చే డ్రైవర్లు స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు ఎత్తి పలకరిస్తారు. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా తను కూడా అలాగే ఎత్తడం మొదలుపెట్టింది. రోడ్ ట్రైన్లు అని మూడు, నాలుగు ట్రైలర్ల లారీలు ఉంటాయి, 53 మీటర్ల పొడవు దాకా. అవి పక్కనుంచి పోతే వ్యాన్ ఊగిపోతుంది. దూరంలో పశువుల స్టేషన్లు, అంటే పెద్ద పెద్ద పశువుల ఫారాలు ఉన్నాయని మ్యాప్ చెబుతుంది, కంటికి మాత్రం గేటు తప్ప ఏమీ కనబడదు. వాటిలో బ్రునెట్ డౌన్స్ అనేది ఒక్కటే 12,000 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. పాత తూర్పు గోదావరి జిల్లా మొత్తం 10,807!

ఒక రోడ్‌హౌస్ (హైవే పక్కన పెట్రోలు, తిండి, బస దొరికే చోటు) క్యాంపులో పక్క కారవాన్ వాళ్లు పరిచయమయ్యారు. మాలాగే రిటైరైన భార్యాభర్తలు, విక్టోరియాలో గొర్రెల ఫారం అమ్మేసి ఆరు నెలలుగా తిరుగుతున్నారు. ఇలాంటివాళ్లు ఇక్కడ వేలల్లో ఉంటారు. మా ఆవిడ చేసిన పులిహోర వాళ్లకి పెట్టాం, వాళ్లు మాకు మంట దగ్గర కుర్చీలేశారు. ఆయన నా ఉద్యోగం గురించి అడిగితే 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు పోయిందని చెప్పాను. ఆయన ఘనమీటర్లలోకి మార్చమన్నాడు. లక్షకి కొంచెం తక్కువ అన్నాను. "రోజుకా?" అన్నాడు. "సెకనుకి" అన్నాను. భార్యని పిలిచి మళ్లీ చెప్పించాడు. ఆ రాత్రి చలికి రెండు దుప్పట్లు చాలలేదు.

ఆలిస్ స్ప్రింగ్స్ మధ్యలో టాడ్ నది ఉంది. వంతెనలున్నాయి, గట్లున్నాయి, నిండా తెల్ల ఇసుక, మధ్యలో పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు. 1962 నుంచి ఏటా ఈ ఇసుకలో పడవ పందాలు జరుపుతారు. అడుగు లేని పడవలు, వాటిని నడుముకెత్తుకుని జట్లు పరిగెడతాయి. 1993లో పోటీలు రద్దయ్యాయి. కారణం, నదిలో నీళ్లొచ్చాయి! ఇది విని నేనెంత నవ్వానో చెప్పలేను. ఊరు మాత్రం నవ్వుకునేంత తేలిక కాదు. షాపులకి ఇనుప తలుపులు, పొద్దుగూకాక వీధుల్లో తిరగొద్దని క్యాంప్ ఆఫీసులో హెచ్చరిక, ఇక్కడి ఆదివాసులైన అర్రర్న్ట జనం చెట్ల నీడన కూర్చుని ఉంటే టూరిస్టులు చూపు తిప్పుకుని పోవడం. రెండు రోజులుండి ఈ ఊరి మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కానీ చూసినది రాయకపోతే అబద్ధమవుతుంది.

అక్కణ్ణుంచి ఉలురు మరో 450 కిలోమీటర్లు. ఫోటోల్లో చూసి చూసి కొత్తగా ఏముంటుందిలే అనుకుంటూ వెళ్లాను. 348 మీటర్ల ఎత్తు, చుట్టుకొలత 9.4 కిలోమీటర్లు, ఒకే రాయి. దగ్గరికెళితే నున్నగా ఉండదు, పెచ్చులు, గుహలు, మడతలు. 1985 అక్టోబరు 26న ఈ నేలని ఇక్కడి ఆదివాసులైన అనంగు జనానికి తిరిగి ఇచ్చారు, వాళ్లు పార్కుకి 99 ఏళ్ల లీజుకి ఇచ్చారు. ఎక్కొద్దని వాళ్లు ఏళ్లుగా అడుగుతుంటే, సరిగ్గా అదే తేదీన 2019లో ఎక్కడం ఆపించారు. జనం ఎక్కిన చోట రాయి అరిగి తెల్లటి చార ఇంకా కనబడుతోంది.

చుట్టూ నడిచే దారి 10.6 కిలోమీటర్లు. తెల్లవారుజామున కుడివైపుగా మొదలుపెట్టాం. "సింహాచలం గిరి ప్రదక్షిణలో ఇది మూడోవంతే" అంది మా ఆవిడ, చెప్పులు విడవబోయింది కూడా. నేనే ఆపాను. వాళ్ల కథలు వాళ్లవి, మన నమస్కారం అందులో కలపక్కర్లేదనిపించింది. "నమస్కారం పెట్టుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలండీ?" అని తను ఒప్పుకోలేదు. ఆ వాదన మధ్యాహ్నం దాకా నడిచింది. కొన్ని చోట్ల ఫోటోలు తీయొద్దని బోర్డులున్నాయి, అక్కడ మాత్రం ఇద్దరం మారు మాట్లాడకుండా ఫోన్లు జేబులో పెట్టుకున్నాం.

దక్షిణం పక్క ముటిజులు అనే మడుగు. రాతి మీద పైనుంచి కిందికి నల్లటి చారలు, వానొచ్చినప్పుడు జలపాతాలు దిగే దారులవి. మేం వెళ్లినప్పుడు మడుగులో కొద్దిగా నీళ్లున్నాయి. ఆ చుట్టూ మాత్రమే పచ్చగా చెట్లు, పిట్టలు. రాయి మీద పడిన వానంతా ఒక చోటికి జారి చేరుతుంది. మనం సిమెంటు పోసి కట్టుకునే క్యాచ్‌మెంట్ ఇక్కడ రాయే చేసిపెట్టింది. పక్కన గుహలో బొమ్మలు గీసుకుంటూ, పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ మనుషులు వేల ఏళ్లు ఇక్కడ ఉన్నారంటే కారణం ఆ మడుగే.

వెళ్లాలనుకునేవాళ్లు మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్లండి. మిగతా నెలల్లో తీరంలో తుపాన్లు, విషపు జెల్లీఫిష్, లోపల నలభై దాటిన ఎండ. అద్దె బండి కాగితాల్లో రాత్రి డ్రైవింగ్ గురించి ఏం రాసిందో తప్పక చదవండి. చాలా కంపెనీలు ఊళ్ల బయట చీకటి పడ్డాక జరిగిన దానికి ఇన్సూరెన్స్ ఇవ్వవు, కంగారూలు సరిగ్గా అప్పుడే రోడ్డెక్కుతాయి. సగం ట్యాంకు ఉన్నా సరే, కనబడ్డ ప్రతి రోడ్‌హౌస్‌లో పెట్రోలు కొట్టించండి. తాగే నీళ్లు లెక్కకు రెట్టింపు పెట్టుకోండి. టీకి మాత్రం టౌన్స్‌విల్‌లోనే విడిగా రెండు క్యాన్లు కొనుక్కోండి, మా ఆవిడ మరీ మరీ రాయమంది.