రేసు ఇవ్వగానే పట్టేస్తోందా? సెన్సర్ కొనే ముందు మీటర్ పెట్టండి

విజయవాడ ఆటోనగర్‌కు వచ్చే పాత ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కు విడిగా ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే) బండ్ల మీద తరచూ వినపడే కంప్లయింట్ ఇది: "రేసు ఇవ్వగానే ఒక్క క్షణం పట్టేస్తోంది, తర్వాత బాగానే లాగుతోంది." ప్లగ్గులు, ఫిల్టర్లు మార్చినా పోకపోతే, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని తెరిచి మూసే భాగం) పక్కన రెండు స్క్రూలతో బిగించి ఉండే చిన్న నల్ల డబ్బాను చూడాలి. అదే థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్.

బాగా పాతవాటిలో, అంటే బాష్ కంపెనీ పాత పెట్రోల్ ఇంజెక్షన్ సిస్టమ్ ఎల్-జెట్రానిక్ తరం బండ్లలో, అది ఉత్త స్విచ్. పెడల్ పూర్తిగా వదిలితే ఒక కాంటాక్టు (ఐడిల్) కలుస్తుంది, దాదాపు చివరిదాకా తొక్కితే ఇంకొకటి (ఫుల్). మధ్యలో థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో ఈసీయూకి (ఇంజన్ కంప్యూటర్‌కి) దీని వల్ల తెలియదు. ఐడిల్ కాంటాక్టు కలిసి ఉండి ఆర్పీఎం ఎక్కువగా ఉంటే చాలా సిస్టమ్‌లు పెట్రోలు ఆపేస్తాయి. ఫుల్ కాంటాక్టు కలిస్తే మిశ్రమాన్ని చిక్కబరుస్తాయి. దీన్ని చూడడం తేలిక: కప్లర్ (వైర్లు తగిలించే ప్లాస్టిక్ జాయింట్) తీసి మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటు దారి కలిసి ఉందో లేదో చూపే సెట్టింగ్‌లో) పెట్టండి. మూసి ఉన్నప్పుడు ఐడిల్ కాంటాక్టు కలిసి ఉండాలి, థ్రాటిల్ కాస్త కదలగానే "టిక్" అని విడిపోవాలి. ఆ టిక్ ఆలస్యంగా వస్తే స్క్రూలు వదులు చేసి స్విచ్ తిప్పి సరిచేయాలి.

1998లో శాంట్రో వచ్చాక మన దగ్గర పెరిగిన ఎంపీఎఫ్ఐ కార్లలో ఎక్కువ వాటికి ఉండేది పొటెన్షియోమీటర్. పాత రేడియో వాల్యూమ్ నాబ్‌లో ఉండేదే: కార్బన్ పట్టీ మీద జారే చిన్న బ్రష్. మూడు వైర్లు: 5 వోల్టుల సప్లై, ఎర్త్, సిగ్నల్. థ్రాటిల్ మూసి ఉంటే సిగ్నల్ సుమారు 0.5, పూర్తిగా తెరిస్తే 4.5 వోల్టుల దగ్గర. కచ్చితమైన లెక్క ఆ మోడల్ మాన్యువల్‌లోదే తీసుకోండి.

చాలామంది ఈ రెండు చివరలే చూసి "సెన్సర్ బాగుంది" అనేస్తారు. అసలు జబ్బు మధ్యలో ఉంటుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నడిచే బండి పెడల్ ఎప్పుడూ కొద్దిగానే తొక్కి ఉంటుంది. బ్రష్ ఎప్పుడూ ఆ ఒక్క చోటే రాసుకుని, ఐడిల్‌కు కాస్త పైన పట్టీ అరిగిపోతుంది. అందుకే కప్లర్ పెట్టే ఉంచి, కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, కప్లర్ వెనక నుంచి సిగ్నల్ వైరు పక్కగా పిన్ను గుచ్చి, దానికి మీటర్ తగిలించి, థ్రాటిల్‌ను చేత్తో మెల్లగా తెరవండి. వోల్టేజీ ఎక్కడా ఆగకుండా, పడిపోకుండా పెరగాలి. దీనికి ముల్లు మీటరే మేలు. డిజిటల్ మీటర్ అంకె మార్చేలోపు ఆ గుంట దాటిపోతుంది, ముల్లు మాత్రం చటుక్కున వణుకుతుంది. వణికితే సెన్సర్ మార్చాల్సిందే, స్ప్రే కొట్టి ప్రయోజనం లేదు.

కొత్తది బిగించే ముందు థ్రాటిల్ బాడీలో మసి తుడిచి, కేబుల్‌కు కొంచెం లూజు ఉందో లేదో చూడండి. కేబుల్ లాగి పట్టి ఉంటే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు, ఐడిల్ రీడింగ్ తప్పుతుంది. స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉంటే సెన్సర్‌నే తిప్పి వోల్టేజీ సెట్ చేయాలి. రీడింగ్ కుదరడం లేదని థ్రాటిల్ స్టాప్ స్క్రూ మాత్రం ముట్టుకోవద్దు. అది ఫ్యాక్టరీలో పెట్టిన గాలి లెక్క, ఒకసారి చెడితే ఐడ్లింగ్ ఊగుతూనే ఉంటుంది.

వాటర్ సర్వీసింగ్ అయిన మర్నాడే తేడా మొదలైతే ముందు కప్లర్ విప్పి పిన్నులకు పచ్చ పట్టిందేమో చూడండి. కీ ఆన్‌లో ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.1 వోల్టు దాటితే తప్పు సెన్సర్‌ది కాదు, ఎర్త్ వైరుది.